ఏరు అంటే నీళ్ళు

రువైస్‌లో ఏరు లేదు. రువైస్ ఏమిటి, ఈ దేశం మొత్తంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. మనం తాగేది ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఇలాంటి చోట ‘ఏరు’ అనే మాట నాకొక పాఠం చెప్పింది.

కొన్నేళ్ళ క్రితం ప్లాంట్ షట్‌డౌన్ రోజుల్లో స్కాఫోల్డింగ్ పనికి వచ్చినవాళ్ళలో అరకు వైపు కుర్రాడొకడు ఉండేవాడు. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే నా చెవిన పడింది. సగం తెలుగులా ఉంది, కానీ అర్థం కాదు. మధ్యలో ‘ఏరు’ అన్నాడు.

“మీ ఊళ్ళో ఏరుందా?” అనడిగాను.

“ఏరు కాదు సార్, నీళ్ళండి. మా కొండ భాషలో నీళ్ళని ఏరు అంటాం.”

నేను నవ్వేశాను. “అదేం భాషయ్యా! తెలుగే తప్పుగా మాట్లాడుతున్నావు” అన్నాను. అతనూ మర్యాదకి నవ్వాడు. ఆ తర్వాత నా ఎదురుగా మళ్ళీ ఎప్పుడూ ఇంటికి ఫోన్ చెయ్యలేదు.

ఆ ఏడాది సెలవులకి విశాఖ వెళ్ళినప్పుడు, తెలుగు లెక్చరర్‌గా రిటైరైన మా బావగారికి ఈ ముచ్చట సరదాగా చెప్పాను. ఆయన నవ్వలేదు. “తప్పు తెలుగు కాదు, మన తోబుట్టువు భాష” అన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసే రోజుల్లోనే అరకు కొండల్లో తిరిగి ఆ భాషని విన్నారట. ‘కొండ లేక కూబి’ భాష మీద ఆయన పుస్తకం 1969లో వచ్చింది.

పాపువా న్యూ గినీలో ఎనిమిది వందలకు పైగా భాషలున్నాయనీ, అక్కడి ఎత్తైన కొండల్లో పక్క పక్క లోయల భాషలు అక్కచెల్లెళ్ళనీ చదివి ఆశ్చర్యపోతాం. అలాంటి కొండ కుటుంబం మనకే ఉంది. కొండ, కువి, కుయి, పెంగో, మండ, వాటితోపాటు గోండీ. వీటిలో మండ అనే భాష ఒకటుందని పండితులకి తెలిసిందే 1964లో! తెలుగుకి తమిళ కన్నడాల కంటే దగ్గరి చుట్టాలు ఇవే. నీళ్ళని గోండులు ‘ఏర్’ అంటారు, కువివాళ్ళు ‘ఏయు’ అంటారు. మనం మాత్రం ఆ మాటని వాగుకి ఉంచుకుని, నీళ్ళకి వేరే మాట వాడుకుంటున్నాం.

ఇంకో సంగతి. మన పాత పుస్తకాల్లో ఏరుని బండి ఱతో ‘ఏఱు’ అని రాసేవారు. ర, ఱల తేడా మన నోటి నుంచి ఎప్పుడో పోయింది. కొండ భాషలో అది ఇంకా బతికే ఉంది. నన్నయ గారి కాలం నాటి తేడాని నిలబెట్టుకున్న కుర్రాడికి, అది పోగొట్టుకున్న నేను తప్పులు దిద్దాను!

తిరిగొచ్చి అతని కోసం వాకబు చేశాను. షట్‌డౌన్ అయిపోయింది, కాంట్రాక్టు మనుషులు వెళ్ళిపోయారు. నంబరు ఎవరి దగ్గరా లేదు. చెప్పాల్సిన క్షమాపణ నా దగ్గరే ఉండిపోయింది.

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. కొండ భాష అన్నవారు సుమారు 60 వేలు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకి వాళ్ళ భాషల్లోనే చదువు మొదలుపెట్టే కార్యక్రమం తెచ్చినప్పుడు అందులో కొండ, కువి కూడా ఉన్నాయి. కానీ భాష బతకడానికి బడి ఒక్కటే చాలదు. నాలాంటివాడి ఒక్క నవ్వు చాలు, దాన్ని నోట్లోనే నొక్కెయ్యడానికి.

మొన్న వేసవిలో హైదరాబాదులో మా అమ్మాయి తెలుగు విని పిల్లలంతా నవ్వారు. రాత్రి నా దగ్గరికొచ్చి, “నాన్నా, నాది తప్పు తెలుగా?” అని అడిగింది. అతని మొహం గుర్తొచ్చింది. “కాదమ్మా, నీది రువైస్ తెలుగు. మాట్లాడటం మాత్రం మానకు” అన్నాను.

మీకు ఇక్కడ అరకు, పాడేరు వైపు మనిషి ఎదురైతే, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడగండి. నీళ్ళని ఏమంటారో అడగండి. చెప్పాక మాత్రం నవ్వకండి.