మారుపేరుతో బందీ అయిన వైద్యుడు

విశ్రాంత జీవితంలో అపరాధ పరిశోధక నవలలు నాకు మంచి కాలక్షేపం. ఇటీవల మా మనవరాలు తెచ్చిచ్చిన నవల మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. అది నాన్సీ స్ప్రింగర్ 2008లో వెలువరించిన ‘ది కేస్ ఆఫ్ ది బిజార్ బొకేస్’. కథ విక్టోరియా రాణి కాలపు లండన్‌లో జరుగుతుంది. షెర్లాక్ హోమ్స్ చెల్లెలు ఎనోలాకు పద్నాలుగేళ్లు. విగ్గు ధరించి అందగత్తెగా మారువేషం వేసి, అదృశ్యమైన డాక్టర్ వాట్సన్ కోసం ఆమె అన్వేషిస్తుంది. ఆయన మాత్రం వేరొకరి పేరుతో పిచ్చాసుపత్రిలో బందీగా ఉంటాడు. తాను వాట్సన్‌నని ఎంత మొత్తుకున్నా, అదీ ఉన్మాదమేనని అక్కడివారు కొట్టిపారేస్తారు.

అక్కడ నా చేతిలోని పుస్తకం ఆగిపోయింది. సుమారు నలభై ఏళ్ల క్రితం, ఒక తాలూకా ఆసుపత్రిలో, భర్త చెప్పినదే నమ్మి ఒక ఇల్లాలిని మానసిక వైద్యశాలకు పంపుతూ చీటీ రాశాను. “నాకే జబ్బూ లేదు డాక్టరుగారూ” అని ఆమె ప్రాధేయపడింది. ఆ మాటనే వ్యాధి లక్షణంగా నమోదు చేశాను. పక్షం రోజుల తరువాత, ఏ రుగ్మతా లేదని అక్కడి వైద్యులు ఆమెను తిప్పి పంపారు. పది నిమిషాలు ఆమెతో విడిగా మాట్లాడి ఉంటే నాకే తెలిసేది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి సమీక్షా మండలిని ఆశ్రయించవచ్చు, ఉచిత న్యాయ సహాయమూ పొందవచ్చు. అయినా మొదటి రక్షణ మన చేతిలోనే ఉన్నది. మీవారిని వైద్యుని వద్దకు తీసుకువెళ్లినపుడు, దయచేసి కొంతసేపు గది బయట కూర్చోండి. వారి మాట వారినే చెప్పుకోనివ్వండి.