జులై సరస్సుకు నుమాయిష్ ఉన్ని

హైదరాబాదు నుమాయిష్‌లో కశ్మీరీ దుకాణాల వరసలో మా మేనల్లుడి కోసం పల్చటి ఉన్ని బనియన్ వెతుకుతుంటే, దుకాణంలో పెద్దాయన "మనాలీ పోతున్నారా?" అని అడిగాడు. "కాదు, అమెరికాలో ఒక సరస్సుకు. జులైలో" అన్నాడు వాడు. కుర్రాడు నిజమే చెబుతున్నాడా అన్నట్టు ఆయన నా వైపు చూశాడు. నిజమే చెప్పాడు. సుపీరియర్ సరస్సు నీళ్లు జులైలో కూడా చాలా రోజులు 15 డిగ్రీలు దాటవు. నూలు బట్ట తడిస్తే ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. వెట్‌సూట్ అక్కడే అద్దెకు దొరుకుతుంది. లోపలికీ, ఒడ్డు చేరి తడి బట్టలు విప్పాకా వేసుకోవడానికి మాత్రం ఉన్ని కావాలి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన ఈ ప్రదర్శనలో దాని ధర నేనుండే మిషిగన్‌లో ధరలో సగం కూడా ఉండదు.

ఈ జులైలో అక్కావాళ్లు ముగ్గురూ మా ఇంటికి వస్తున్నారు. నయాగరా అందరూ చూస్తారు, వాణ్ని మాత్రం 'పిక్చర్డ్ రాక్స్'కు తీసుకెళ్లాలని నా కోరిక. మిషిగన్ ఉత్తరపు కొసన, మ్యూనిసింగ్ ఊరి నుంచి గ్రాండ్ మరే దాకా సుమారు 67 కిలోమీటర్ల సరస్సు తీరం అది. 1966 అక్టోబరులో అమెరికా దాన్ని తన మొట్టమొదటి జాతీయ సరస్సు తీరంగా ప్రకటించింది. డెట్రాయిట్ దగ్గరున్న మా ఊరి నుంచి, మకినా వంతెన దాటి, ఆరేడు గంటల కారు ప్రయాణం. ఇసుకరాతి గోడలు నీళ్లలోంచే నిట్టనిలువుగా లేస్తాయి. కొన్నిచోట్ల ఎత్తు 60 మీటర్లు, అంటే చార్మినార్ కన్నా కాస్త ఎక్కువే. రాతిలోంచి ఊరే నీరు ఖనిజాలను మోసుకొచ్చి గోడ మీద చారికలు గీస్తుంది. ఇనుము ఉన్నచోట ఎరుపు, నారింజ, రాగి ఉన్నచోట నీలం, ఆకుపచ్చ, మాంగనీసు ఉన్నచోట నలుపు. కింద నుంచి, కయాక్ అనే చిన్న పడవలో కూర్చుని తలెత్తి చూస్తేనే ఆ రంగులు పూర్తిగా తెలుస్తాయి. ఇంత అందం నేను మరెక్కడా చూడలేదు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో వాడు ఒక స్కూలు అట్లాసు కొన్నాడు. నాంపల్లి స్టేషన్ వెనక అక్కావాళ్ల ఇంట్లో దాన్ని మంచం మీద పరిచి కూర్చున్నాం. అట్లాసులో సుపీరియర్ బొటనవేలంత ఉంది. ఆ బొటనవేలు 82,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో దాదాపు ముప్పావు వంతు. లోతు ఒకచోట 406 మీటర్లు. హుస్సేన్ సాగర్‌లో పెడల్ బోటు తొక్కినవాడికి సరస్సు అనగానే ఏది కళ్లముందుకొస్తుందో నాకు తెలుసు. ముందు ఆ బొమ్మ వాడి మనసులోంచి తీసేయాలి. దాన్ని మంచినీళ్ల సముద్రం అనుకోమన్నాను.

వాడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. 2019 ఆగస్టులో అక్కడే రాతిగోడలో పెద్ద ముక్క కూలి సరస్సులో పడింది. కయాక్‌లలో ఉన్నవాళ్లు కొద్ది దూరంలోనే ఉన్నారు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. వంటింట్లోంచి అక్క వచ్చి అదంతా చూసింది.

"ఎందుకురా ఇదంతా? వానికి ఈతే సరిగ్గ రాదు. కచ్చులూరు మర్చిపోయినవా?"

మర్చిపోలేదు. ఆ వీడియో తర్వాత నెలకే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడబోయిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. మన హైదరాబాదు వాళ్లు, వరంగల్ వాళ్లు అందులో ఉన్నారు. నది వరద మీద ఉన్న రోజున బోటు బయల్దేరింది. నన్ను ఇప్పటికీ పట్టి లాగేది ఆ ఒక్క సంగతే. బయల్దేరకపోతే ఆ నది ఎవరినీ ఏమీ చేసేది కాదు. అక్క భయాన్ని కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఆ భయం చుట్టూనే ప్లాను వేద్దాం, నువ్వూ కూర్చో అన్నాను.

మైనర్స్ బీచ్‌లో నీళ్లలోకి దిగి, మస్కిటో బీచ్ మీదుగా చాపెల్ రాక్ దాకా వెళ్లాలని వాడి ఆశ. మైనర్స్ బీచ్ దాటాక గోడలు మొదలవుతాయి. అక్కణ్ణుంచి మస్కిటో బీచ్ వచ్చేదాకా పడవ ఒడ్డుకు చేర్చే చోటు దాదాపు లేదు. ఉత్తరపు గాలి వీస్తే, అడ్డూ ఆపూ లేని అంత నీటి మీద అలలు బలం పుంజుకుని వస్తాయి. గోడకు కొట్టుకుని వెనక్కి మళ్లుతాయి. వచ్చే అలా, మళ్లే అలా కలిసేచోట పడవకు ఏ పక్కా నిలకడ దొరకదు. దక్షిణపు గాలి ఇంకా మోసకారి. గోడ చాటున నీరు అద్దంలా ఉంటుంది, కాస్త బయటికి రాగానే గాలి సరస్సు లోపలికి నెట్టుకుపోతుంది. పడవ బోల్తా పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు. పది నిమిషాల్లో చేతివేళ్లు మాట వినవు. ఎంత గొప్ప ఈతగాడికైనా ఇంతే. అందుకే లైఫ్ జాకెట్ కట్టుకునే ఉండాలి, కాళ్ల దగ్గర పడేసి ఉంచితే లాభం లేదు. సూపర్‌మార్కెట్లో చవకగా అమ్మే పొట్టి కయాక్‌లు ఆ నీటికి పనికిరావు. 16 అడుగులకు తగ్గనిది, నడుం చుట్టూ నీరు లోపలికి రాకుండా గుడ్డ బిగించేది కావాలి. ఫోన్ సిగ్నల్ నమ్మడానికి లేదు, మెరైన్ రేడియో ఉండాలి. కాబట్టి మొదటిసారి సొంతంగా వద్దు, మ్యూనిసింగ్‌లో గైడుతో తీసుకెళ్లేవాళ్లతోనే వెళ్తాం. గోడకు దూరంగా, గైడు చెప్పినంత దూరంగా.

వెలుగు దగ్గర మాత్రం వాడు చాలాసేపు వాదించాడు. ఆ గోడలు వాయవ్యానికి తిరిగి ఉంటాయి, రంగులు బాగా తేలేది సాయంత్రం ఎండలో. నీరు నెమ్మదిగా ఉండేది ఎక్కువగా పొద్దున్నే. "ఫోటోలు రావు మామా" అన్నాడు. పొద్దున్నే వెళ్దాం, సాయంత్రం రంగులు మైనర్స్ కాసిల్ దగ్గర పైనుంచి చూద్దాం అన్నాను. ఆ రాతి కోటకు ఒకప్పుడు రెండు బురుజులుండేవి, 2006లో ఒకటి కూలిపోయింది.

అసలు చిక్కు సెలవుల దగ్గర వచ్చింది. అమెరికా వచ్చే మనవాళ్ల ప్రయాణాలన్నీ గంటల లెక్కన బిగించి ఉంటాయి. శనివారం ఇది, ఆదివారం అది, సోమవారం ఆఫీసు. అంత దూరం కారు నడిపి, డబ్బు కట్టి, ఒడ్డున నిలబడ్డాక గాలి బాగోలేదని వెనక్కి తిరగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ కష్టమే మనిషిని నీళ్లలోకి తోస్తుంది. అందుకని మ్యూనిసింగ్‌లో మూడు పగళ్లు ఉందామన్నాను. కయాక్ మొదటి రోజుకు బుక్ చేస్తాం, మిగతా రెండు రోజులకు ఏమీ పెట్టుకోం. వాతావరణ శాఖ తీరానికి ఇచ్చే అలల సూచన ముందురోజు రాత్రి, మళ్లీ తెల్లవారి చూస్తాం. మూడు రోజులూ గాలి ఒప్పుకోకపోతే చాపెల్ రాక్ దాకా అడవి దారిన నడిచి వెళ్తాం. ఆ రాతి మీద ఒంటరిగా నిలబడ్డ పైన్ చెట్టు వేళ్లు గాల్లో వంతెనలా సాగి ఇవతలి గట్టులో దిగి ఉంటాయి. అది చూడటానికైనా అంత దూరం పోవచ్చు.

"వద్దు అనే మాట ఎవరు చెప్తరు? గైడా, నువ్వా?" అని అక్క అడిగింది. ఎవరు చెప్పినా అంతే, గైడూ, నేనూ, వాడూ, ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా దిగేది లేదు అన్నాను. ఆ ముగ్గురితో పాటు తన మాటా లెక్కలోకి రావాలంది. ఒప్పుకున్నాం. మేమిద్దరం కయాక్‌లో వెళ్లే రోజున తనూ బావా పెద్ద టూరిస్టు పడవలో అదే గోడలు చూస్తారు. వాడికి ఈ నెల నుంచే ఈత క్లాసులు. బుకింగులు ఏప్రిల్‌లో చేస్తాను.