బోదలేర్ల గడి

‘ఎ సిరీస్ ఆఫ్ అన్‌ఫార్చునేట్ ఈవెంట్స్’ పేరుతో 13 పుస్తకాలు (1999–2006) రాసి కూడా లెమొనీ స్నికెట్ బోదలేర్ పిల్లల భవంతిని తగలబెట్టిందెవరో తేల్చలేదు. కౌంట్ ఓలాఫేనని మనం నమ్ముతాం. చివరి పుస్తకంలో పిల్లలు నిలదీస్తే అతను ఒప్పుకోడు, కాదనడు. దాంతో అభిమానులు ఇంకా ఎవరెవరినో అనుమానిస్తూనే ఉన్నారు. నాకూ ఈ ఆట ఇష్టమే.

కానీ మాది సిరిసిల్ల. 1978లో జగిత్యాలతో పాటు కల్లోలిత ప్రాంతంగా ప్రకటించిన తాలూకా. దొరలు గడీలు విడిచి పట్నం పోయిన ఊళ్లు. కథ చెప్తే మా నాయనమ్మ నిప్పు పెట్టిందెవరని అడగనే లేదు.

“అంత పెద్ద గడి ఎవల వెట్టితోని కట్టిన్రు బిడ్డా?”

స్నికెట్ అది రాయలేదన్నాను.

“పోరగాండ్ల తప్పేం లేదు గని, గడి కాలితె నేనైతె ఏడ్వ.”

నేను మాత్రం 13 పుస్తకాలూ ఏడ్చాను.