మదర్‌బోర్డూ, పొంగిన పూరీ

మా తెలుగు బడికి వాలంటీర్లం నలుగురం. నలుగురమూ మన దేశంలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళమే, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళమే. అందుకే క్రిందటి ఏడాది వార్షికోత్సవానికి నెల ముందు, ఒక శనివారం పొద్దున్న బడి కంప్యూటరు ఆన్ కాకపోయేసరికి అందరూ మా వంక చూశారు. "మీరంతా కంప్యూటర్ల వాళ్ళే కదండీ, ఐదు నిమిషాల పని!" అన్నారు పిల్లలకి ఫలహారాలు సర్దుతున్న ఒక అమ్మగారు. ఆ ఐదు నిమిషాల పనికి మాకు మూడు శనివారాలు పట్టింది.

ఆ కంప్యూటరు 2004లో ఒక కుటుంబం వారు బడికి ఇచ్చినది. ఇన్నాళ్ళు ఎందుకు దాచుకున్నారు అంటారా? బడి పెట్టిన కొత్తలో మన పాఠాలన్నీ అందులోనే టైపు చేశారు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు పనికి చాలా ఏళ్ళ పాటు పాత ఫాంట్లే దిక్కు. వాటిలో ఎవరి లెక్క వారిదే. ఒకచోట "అమ్మ" అని టైపు చేస్తే, ఆ ఫాంటు లేని చోట అవి ఏవో పిచ్చి గీతలు! పైగా మా టైపింగు సాఫ్ట్‌వేరుకి ఒక తాళం కూడా ఉంది. పాత ప్రింటర్ పోర్టుకి ఆ చిన్న ముక్క తగిలిస్తే తప్ప అది తెరుచుకోదు. ఇప్పటి కంప్యూటర్లకి ఆ పోర్టే లేదాయె.

పాఠాలతో పాటు అందులో ఇంకొకటి కూడా ఉంది. బడి మొదటి పంతులమ్మగారు పిల్లల కోసం చదివి రికార్డు చేసిన పద్యాలు. ఆవిడ ఇప్పుడు లేరు. వీటికి ఇంకెక్కడా కాపీ లేదు. ఆఫీసులో రోజూ "బ్యాకప్ తీశారా?" అని పదిమందిని అడిగే మేమే, బడి దగ్గర ఆ మాట మరిచిపోయాం. తప్పు మాదే.

మొదటి శనివారం హార్డ్ డిస్కు ఊడదీసి, ఒక అడాప్టరు కొని లాప్‌టాప్‌కి తగిలించాం. పద్యాలు వినిపించాయి! ఆవిడ గొంతు వినగానే గదిలో ఎవరూ మాట్లాడలేదు. కానీ పాఠాలు మాత్రం పిచ్చి గీతలుగానే కనిపించాయి. వాటిని చదవాలంటే ఆ పాత కంప్యూటరు ఒక్కసారైనా లేవాల్సిందే.

మాలో ఇద్దరం హైదరాబాదులో చదువుకున్నాం. ఆ రోజుల్లో సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి విడిభాగాలు కొనుక్కుని, కంప్యూటరు బిగించుకోవడం పెద్ద పండగ. అక్కడి రిపేరు కుర్రాళ్ళది ఒకటే సూత్రం: అన్నీ పీకెయ్, ఒక్కొక్కటే పెట్టి చూడు. రెండో శనివారం మేమూ అదే మొదలుపెట్టాం.

ముందు గోడ ప్లగ్గు. అందులో దీపం పెడితే వెలిగింది. వెనక ఉన్న స్విచ్చు ఆన్‌లోనే ఉంది. వోల్టేజి మీట అమెరికా కరెంటుకి తగ్గట్టు 115 దగ్గరే ఉంది. బోర్డు మీద చిన్న పచ్చలైటు వెలుగుతోంది, అంటే పవర్ సప్లై నుంచి 5 వోల్టులు సన్నగా వస్తూనే ఉన్నాయి. బటన్ నొక్కితే మాత్రం ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగిపోతోంది. బటనే పాడైందేమోనని దాని తీగ ఊడదీసి, బోర్డు మీది రెండు పిన్నులనీ స్క్రూడ్రైవరుతో తాకించాం. అదే పావు చుట్టు!

తరువాత పవర్ సప్లై వంతు. ప్లగ్గు తీసేసి, బోర్డుకి వెళ్ళే పెద్ద కనెక్టరు ఊడదీసి, అందులో ఆకుపచ్చ తీగనీ ఒక నల్ల తీగనీ పేపర్ క్లిప్పుతో కలిపి, మళ్ళీ ప్లగ్గు పెట్టాం. దాని ఫ్యాను గిర్రున తిరిగింది. మల్టీమీటరు పెడితే పసుపు తీగ 12, ఎరుపు 5, నారింజ 3.3 వోల్టులు దాదాపు సరిగ్గానే చూపించాయి. (పిల్లలూ, ఇలాంటివి పెద్దవాళ్ళు లేకుండా చేయకండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం పెద్దవాళ్ళు కూడా విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు దాగి ఉంటుంది.)

కార్డులు తీశాం, డ్రైవులు తీశాం, మెమరీ తీశాం. నాణెం లాంటి బ్యాటరీ మార్చాం. ఎన్ని చేసినా ఫ్యాను పావు చుట్టు దాటలేదు. "బోర్డు పోయింది" అని నలుగురం తీర్పు ఇచ్చేశాం.

మూడో శనివారం బోర్డుని బయటికి తీసి బల్ల మీద పెట్టాం. మా బడిలో ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒకడున్నాడు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. వాళ్ళ తాతగారు తెనాలి నుంచి ఆరు నెలలకి వచ్చి, ప్రతివారం వెనక కుర్చీలో కూర్చునేవారు. ఆ రోజు మెల్లగా లేచి వచ్చి మనవడితో, "చెయ్యి పెట్టకు నాన్నా, కళ్ళతో చూడు. వీటిలో తేడాగా ఏమున్నాయి?" అన్నారు.

వాడు వంగి చాలాసేపు చూశాడు. "తాతయ్యా, ఇవి పూరీలా పొంగాయి!"

ముందు అందరం నవ్వాం. తర్వాత వంగి చూశాం. ప్రాసెసరు పక్కన ఉన్న ఐదు చిన్న డబ్బాల మూతలు నిజంగానే పొంగి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు పొక్కు కట్టింది. రెండు వారాలు మీటరు పట్టుకు తిరిగిన మేము వాటిని కళ్ళతో చూడనేలేదు.

అవి కెపాసిటర్లు. ఊళ్ళో నీళ్ళ ట్యాంకు లాంటివి. కరెంటుని కాస్త నిలవ ఉంచుకుని, ఒడిదుడుకులు లేకుండా ప్రాసెసరుకి అందిస్తాయి. 2000 తర్వాత కొన్నేళ్ళ పాటు తయారైన వాటిలో చాలా వాటికి లోపలి ద్రవం సరిగ్గా కుదరలేదు. వాయువు పుట్టి మూతలు పొంగాయి, ప్రపంచమంతటా ఎన్నో బోర్డులు పాడయ్యాయి. దానికి "కెపాసిటర్ ప్లేగు" అని పేరే పెట్టారు. మావి ఆ తెగులు వల్ల పోయాయో, వయసు మీద పడి పోయాయో! ఏడాదికి నాలుగైదుసార్లే వాడాం కాబట్టి ఇన్నాళ్ళు నిలిచాయేమో.

"బాబాయిగారూ, ఇది బాగవుతుందా?" అని అడిగాం. "ముప్పై ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేశాను బాబూ. ఇవి తెప్పించండి, చూద్దాం" అన్నారు. ఆయన రేడియో మెకానిక్ అని అప్పటిదాకా మాకు తెలియదు. మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

వాటి మీద రాసి ఉన్నట్టే 1500 మైక్రోఫారడ్లు, 6.3 వోల్టులు, 105 డిగ్రీల రకం తెప్పించాం. ఒక్కొక్కటి డాలరు కూడా లేదు! వోల్టేజి తగ్గకూడదనీ, గీత ఉన్న మైనస్ వైపు తారుమారు కాకూడదనీ తాతగారు పదేపదే చెప్పారు. బుధవారం రాత్రి మా గరాజులో ఆయన టంకం పెడుతుంటే మనవడు టార్చిలైటు పట్టుకున్నాడు. మెమరీ పెట్టి బటన్ నొక్కాం. ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. కంప్యూటరు ఒక్కసారి "కుయ్" మంది. "లేచింది తాతయ్యా!" అని వాడు గంతులేశాడు. ఆ మాట కూడా తెలుగే!

నాలుగు రాత్రులు కూర్చుని పాఠాలన్నీ యూనికోడ్‌లోకి మార్చాం. ఇప్పుడు మూడు కాపీలు మూడు ఇళ్ళల్లో ఉన్నాయి. వార్షికోత్సవం పంతులమ్మగారి పద్యంతోనే మొదలైంది. తాతగారు డిసెంబరులో తెనాలి వెళ్ళిపోయారు. మనవడు ప్రతి ఆదివారం ఫోనులో ఆయనతో మాట్లాడుతున్నాడని వాళ్ళమ్మగారు చెప్పారు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఫరవాలేదు, మొదలైంది కదా.

ఈ ఏడాది మా బడి నమోదు ఫారంలో ఒక కొత్త ప్రశ్న చేర్చాం: "మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారా? వారు ఏ పని చేసేవారు?" తల్లిదండ్రులారా, ఆ గీత మాత్రం ఖాళీగా వదలకండి. ఇదే మా మనవి.