చర్చి పేరు రాసిన బండి

స్టేషన్ వ్యాగన్ అంటే అమెరికాలో తెల్లోళ్ళకి చిన్ననాటి ముచ్చట. కప్పు వెనకదాకా సాగిన పొడుగాటి కారు. ముందు అమ్మానాన్న, వెనక పిల్లలు, సామాను, కుక్క. రైల్వే స్టేషన్ల దగ్గర మనుషుల్నీ పెట్టెల్నీ మోసిన బండ్ల వల్ల ఆ పేరొచ్చింది. మొదట్లో వెనకభాగం చెక్కతో చేసేవోళ్ళు. 1950ల్లో అంతా ఉక్కుదైంది. 1980ల్లో మినీవ్యాన్లు వచ్చాక దాని రోజులు చెల్లాయి. ఇప్పుడు పాతవి వెతికి కొని బాగుచేసుకునేవాళ్ళున్నారు. వాళ్ళలో నేనొకణ్ణి. గుంటూరు జిల్లా మాదిగోణ్ణి.

నాకు పాత కార్ల పిచ్చి లేదు. ఈ బండి మీద మనసుపడింది మాంట్‌గోమరీ వల్ల.

1955 డిసెంబర్ 1న ఆ ఊరి బస్సులో తెల్లాయనకి సీటియ్యనందుకు రోజా పార్క్స్‌ని అరెస్టు చేశారు. 5వ తేదీ నుంచి నల్లజాతివాళ్ళు బస్సెక్కటం మానేశారు. 381 రోజులు. తెల్లోళ్ళ ఇళ్ళల్లో వంటా పాచీ చేసే ఆడవాళ్ళు మైళ్ళకి మైళ్ళు నడిచారు. వాళ్ళకోసం చందాల డబ్బుతో స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. ఒక్కోటి ఒక్కో చర్చి పేరున పెట్టి, ఆ పేరు బండి మీద రాశారు. చక్రాల చర్చీలన్నారు వాటిని. బీమా రద్దుచేస్తే లండన్ లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు. 1956 నవంబర్ 13న అక్కడి కోర్టు ఆ బండ్లు తిప్పొద్దంది. అదేరోజు సుప్రీంకోర్టు, బస్సుల్లో వేరుచేసి కూచోబెట్టటం చెల్లదంది. ఆ తీర్పు కాగితం చేతికందేదాకా, డిసెంబర్ 20 దాకా, వాళ్ళు బస్సెక్కలేదు. ఆ నెల 6నే మన బాబాసాహెబు కన్నుమూశారు.

మన దగ్గర బహిష్కరణంటే ఊరు మనల్ని వెలెయ్యటమే. 1991లో చుండూరులో మనోళ్ళకి పనులివ్వొద్దని కట్టడిచేశారు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. మాంట్‌గోమరీలో వెలివాడవాళ్ళే బస్సుల్ని వెలేశారు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలా.

అట్లాంటాలో ఉద్యోగం చేస్తూ 1955 షెవర్లే వ్యాగన్ సంపాదించాను. ఆరు సిలిండర్ల ఇంజను బానే ఉంది. అడుగురేకు మాత్రం జల్లెడ. తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యటం ఒక నల్లజాతి పెద్దాయన నేర్పాడు. సీట్లు నేనే కుట్టాను. పాత తొడుగు కుట్లు విప్పి, ముక్కలు పరిచి, వాటి కొలతకి రెగ్జిన్ కోశాను. ఎండలో వెచ్చబెట్టి లాగితే ముడత లేకుండా కూచుంటది. గట్టి మూలల్లో మిషను పోదు. అక్కడ మా నాయన ఆరె పనికొచ్చింది. ఆయన పోయాక ఇంట్లోంచి నేను తెచ్చుకుంది ఆ ఆరె, రంపె, అంతే.

మనవైపాయన ఒకడు చూడ్డానికొచ్చాడు. సీటు నిమిరి, "ఎవరు కుట్టారండీ, అద్భుతంగా ఉంది" అన్నాడు.

"నేనే."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా నాయన దగ్గర. చెప్పులు కుట్టేవాడు."

చెయ్యి తీసేశాడు. టీ తాగకుండానే పనుందని వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి నాకు కొత్తగాదు. మా నాయన కుట్టిన చెప్పులు తొడుక్కుని, డబ్బులు మాత్రం తగలకుండా పైనుంచి పడేసిన చెయ్యే అది. 2023లో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధిస్తా చట్టం చేసిందంటే ఊరికే చేసిందా?

ఆదివారాలు బండి తీస్తాం. పవర్ స్టీరింగ్ లేదు, మలుపులో భుజాలతో తిప్పాలి. ముందుసీటు బెంచీలాగా ఒకటే, ముగ్గురం ఆనుకుని కూచుంటాం. వెనక తలుపు సగం పైకి, సగం కిందకి తెరుచుకుంటది. కిందిదాని మీద పిల్లలు కాళ్ళాడిస్తా కూచుని మామిడికాయ పచ్చడన్నం తింటారు. "మీదేవూరు, ఊళ్ళో ఎక్కడ" అని అడిగేవాడుండడు. ఆ తిండి రుచే వేరు.

పాతకార్ల ప్రదర్శనలకీ తీసుకుపోతాను. రంగు సంగతడుగుతారు, సామాన్లు ఎక్కడ దొరికాయంటారు. చెబుతాను. తర్వాత మాంట్‌గోమరీ గురించి, మా నాయన గురించీ చెబుతాను. కొందరు నిలబడి వింటారు. కొందరు పక్క బండి దగ్గరికి పోతారు. పోనీ. వినేవాళ్ళు ఇద్దరున్నా చాలు, చెబుతానే ఉంటాను.