మూడు మీటలు

మా అన్నయ్య పాడేరులో ఒక జిరాక్సు షాపులో టైపింగు చేస్తాడు. రబ్బరు కీబోర్డు గట్టిగా నొక్కీ నొక్కీ వేళ్ళు నొప్పులు. మెకానికల్ కీబోర్డు కొందామంటే రెండు వేల పైనే. తీరా కొన్నాక నచ్చకపోతే? అందుకని ముందు అక్షరాల కింద ఉండే స్విచ్‌లు విడిగా మూడే తెప్పించాడు. దసరా సెలవుల్లో నేనూ నొక్కి చూశాను.

ఒక్కోదానిలో చిన్న స్ప్రింగు ఉంటుంది. ఎరుపుది మెత్తగా దిగిపోతుంది. గోధుమ రంగుది మధ్యలో కొంచెం వేలికి తగులుతుంది. నీలంది టిక్కుమంటుంది. నాకు నీలమే నచ్చింది.

"రోజంతా టిక్కుటిక్కుమంటే ఓనరు తరిమేస్తాడ్రా" అన్నాడు అన్నయ్య. ఎరుపైతే వేలు ఆనగానే పడిపోయి తప్పులొస్తాయట. ఒక్క మీట నొక్కడం వేరు, పేజీ కొట్టడం వేరు. అయినా రాత్రి కూర్చుని ఒక్కోటీ వందసార్లు నొక్కాడు. చివరికి గోధుమ రంగే ఖాయం చేశాడు. డబ్బులు సంక్రాంతికి కూడతాయేమో.

నీలంది నా జామెట్రీ బాక్సులో ఉంది. కావలసినవాళ్ళు నొక్కి చూడొచ్చు. స్టడీ అవర్లో మాత్రం అడగొద్దు, ఇప్పటికే ఒకసారి దొరికిపోయాను.