రెండు తెరల నడుమ

నెల రోజులుగా మెడనొప్పి పట్టుకొన్నది. ఎడమకు చూడడం, కుడికి చూడడం, మరల ఎడమకు. అరవై యెనిమిదేండ్ల వయసులో ఈ పని తగునా అని మా ఆవిడ నిలదీస్తున్నది. కారణం చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది గాని, నా వంటివారు మరికొందరు ఉండకపోరన్న ధైర్యంతో చదువరుల ముందు పెడుతున్నాను.

1994 నుండి మా పాఠశాల లెక్కల మాస్టారూ, నేనూ కలిసి సామెతలు ఏరుకొనేవారము. తెనాలి, పొన్నూరు, రేపల్లె ప్రాంతాలలో బస్సులలోను, బడ్డీకొట్ల వద్దను, పెండ్లి పందిళ్ళలోను విన్నవి. ఎవరి పుస్తకం వారిదే. వారానికొకసారి ఒకరిది ఒకరు చూచి ఎక్కించుకొనేవారము. విన్నది విన్నట్లు, అన్న మనిషి, ఊరు, సంవత్సరం సహా వ్రాయడం ఆయన పద్ధతి. నేనో, పండిత శిక్షణ పొందినవాణ్ణి! అరసున్నలు చేర్చి, బండి ఱలు సరిచూచి, ‘కు’ ఉన్నచోట ‘నకు’ పెట్టి గాని ఊరుకొనేవాణ్ణి కాదు. “పండితులు గారూ, సామెతకు గుండీలు పెట్టకండి, ఊపిరాడదు” అని ఆయన నవ్వేవారు.

2009లో ఇద్దరమూ ఎవరి ఇంట్లో వారు వాటిని ఎక్సెల్‌లోకి ఎక్కించుకొన్నాము. నావి 1,140 అయినవి. ఆయన చూపు మందగించి 812 దగ్గర ఆగిపోయారు. మాస్టారు కాలం చేసి రెండేండ్లయింది. మొన్న ఉగాదికి వారి అబ్బాయి ఆ దస్త్రాన్ని నాకు పంపించాడు.

మా మనుమడు ఉద్యోగానికి వెళ్తూ తన పాత మానిటరు నాకు వదలి వెళ్ళాడు. దానిని తగిలించి, విండోస్ మీటతో ‘పి’ నొక్కి ‘ఎక్స్‌టెండ్’ అని ఎన్నుకొంటే, బల్ల పొడిగించినట్లు తెర పొడుగవుతుంది. వెనుకటి ఎక్సెల్‌లో రెండు పుస్తకాలూ ఒకే కిటికీలో ఇరుక్కొని ఉండేవి. 2013 నాటి కూర్పు నుండి దేని కిటికీ దానిదే. ‘వ్యూ’లో ‘సైడ్ బై సైడ్’ నొక్కి, ఒకదానిని ఈ తెర మీదికి, ఒకదానిని ఆ తెర మీదికి ఈడ్చుకొంటే, ఇటు చక్రం త్రిప్పగా అటు కూడా జోడెడ్లవలె కదులుతుంది. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి తాళపత్ర ప్రతులు సరిచూపించిన వైనం తలపునకు వచ్చి, కాస్త గర్వంగా కూర్చొన్నాను.

ఆ గర్వం ఒక్క పూట కూడా నిలువలేదు.

గుఱ్ఱం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత మాస్టారి పట్టికలో తెనాలి స్టేషను ముందరి జట్కా ఆయనది. నా పట్టికలో అమృతలూరు మంత్రసానిది! పాపం, మాస్టారు పొరబడ్డారనుకొన్నాను. తరువాతి వరుసలోను తేడాయే. ఆ పైదీ అంతే. పది వరుసలు చూచేసరికి నా అరచేతులు చెమర్చినవి.

అప్పుడు గుర్తుకు వచ్చింది. 2012లో సామెతలను అకారాదిగా కూర్చుదామని ఆ నిలువు వరుస ఒక్కటే ఎంచి ‘సార్ట్’ నొక్కాను. ఎంపికను విస్తరించమందువా, ఉన్నదానితోనే సాగమందువా అని యంత్రం మర్యాదగానే అడిగింది. విస్తరించడం దేనికి, సాగమన్నాను. సామెతలు అకారాది క్రమంలోకి వెళ్ళినవి. మనుషులు, ఊళ్ళు ఉన్నచోటనే నిలిచిపోయినవి. పైగా కంప్యూటరులో ఉన్నవి గదా అని ఆ మరుసటి ఏడు నోటు పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి తూచి ఇచ్చివేశాను. ఈనగాచి నక్కలపాలు చేయడమంటే ఇదే.

సూత్రం వ్రాసి క్షణంలో సరిచేయవచ్చునని మనుమడు ఫోనులో చెప్పాడు. నా అరసున్నలు అడ్డుపడ్డవి. మాస్టారి ‘గుర్రం’, నా ‘గుఱ్ఱము’ యంత్రానికి వేర్వేరు మాటలు. ‘ఏడు’, ‘ఏఁడు’ సరేసరి. కనుక కంటితోనే చూడవలసి వచ్చింది. రెంటినీ అకారాదిగా పేర్చి (ఈసారి విస్తరించమనే చెప్పాను), ప్రక్క ప్రక్కన దింపుకొంటూ వచ్చాను. ఆయన వద్ద లేని సామెత నా వద్ద ఒకటి రాగానే జోడు తప్పుతుంది. అప్పుడు జంటకదలిక ఆపి, ఒక తెరను మాత్రమే జరిపి, మరల జోడించుకోవాలి. అలా ఎన్ని వందల మార్లో! మెడనొప్పి అక్కడిదే.

797 సామెతలు తమ మనుషులను చేరుకొన్నవి. మిగిలిన 343 గళ్ళు ఖాళీ చేశాను. అబద్ధపు ఊరి కంటె ఖాళీయే నయం. ఆ మాటలు నాతో అన్నవారిలో ఎందరు బ్రతికి ఉన్నారో!

ప వర్ణం వద్దకు వచ్చిన నాడు, పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతకు నా పట్టికలో పొన్నూరు సైకిలు షాపువాడు ఉన్నాడు. తల త్రిప్పి మాస్టారి తెర చూచాను. “తెలుగు పండితులు గారి అమ్మగారు, కాఫీ ఇస్తూ, 1997” అని ఉన్నది. మా అమ్మ 2001లో పోయింది. ఊరూరా తిరిగిన నేను ఆమెను ఒక్క సామెత అడిగిన జ్ఞాపకం లేదు. ఇది ఆమె మాటేనన్న సంగతి నా పుస్తకంలో ఒకప్పుడు ఉండే ఉంటుంది. ఆయన పుస్తకం చూచి ఎక్కించుకొన్నదే గదా. ఎక్కించుకొన్ననాడైనా నేను ఆగి చదివినట్లు లేదు.

సైకిలు షాపువాణ్ణి తుడిచి అమ్మను వ్రాశాను. తరువాత ప్రక్క గడిలో నేను దిద్దిపెట్టిన ‘మందునకుఁ బనికిరాదు’ తీసివేసి, ఆయన వ్రాసికొన్నట్లే ‘మందుకు పనికిరాదు’ అని కొట్టాను.